ఒక సంపాదన, రెండు లెక్కలు

పరాయి దేశంలో స్థిరపడదలచిన ముస్లిం అక్కడి ప్రభుత్వానికి పన్ను సక్రమంగా చెల్లించడం కేవలం ఆ దేశపు చట్టానికి సంబంధించిన వ్యవహారమా? లేక దాన్ని గురించి రేపు అల్లాహ్ సన్నిధిలో కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుందా? రామగుండం, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ ప్రాంతాల సోదరులు కొంతకాలంగా మమ్మల్ని ఈ విషయం అడుగుతున్నారు. ఇంత సూటిగా అడగరనుకోండి. "మౌలానా సాబ్, మావాడి పౌరసత్వం ఆగిపోయిందట, ఏదో టాక్సు గొడవట, దుఆ చేయండి" అని మొదలుపెడతారు. దుఆ తప్పకుండా చేస్తాము. అయితే వివరం అడిగినప్పుడు చాలా సందర్భాల్లో తేలేదేమిటంటే, ఒకే సంవత్సరపు సంపాదనకు రెండు కార్యాలయాల్లో రెండు వేర్వేరు అంకెలు రాసి ఉన్నాయి.

మా బొగ్గు గనుల ప్రాంతానికి ఈ సమస్య కొత్తది. సింగరేణి కార్మికుడి దృష్టిలో ఆదాయపు పన్ను తాను కట్టేది కాదు, కోతపడేది. జీతం చేతికి రాకముందే పే స్లిప్పులో అది పోతుంది. ఏడాదికోసారి ఫారం 16 వస్తుంది. అంతటితో సరి. భూమి అడుగున వేడిలో, దుమ్ములో చెమటోడ్చే వాడి వేతనం మీద పన్ను వేయరాదని కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి కోరుతూనే ఉన్నాయి. ఆ కోరికలో న్యాయం లేదని మేము అనము. పన్ను తగ్గించమని బహిరంగంగా అడగడం ఒకటి, సంపాదనను చాటున తగ్గించి రాసుకోవడం మరొకటి. మొదటి దానిలో అబద్ధం లేదు.

గనిలోకి దిగని వారు గల్ఫ్‌కు పోయారు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఎన్నేళ్లు పనిచేసినా మనవారికి పౌరసత్వమూ లేదు. కఫీల్ ఉంచినన్నాళ్లు ఉండటం, పంపిన రోజు రావటం. అలాంటి చోట కూడా ప్రభుత్వపు బాకీకీ నివాసానికీ మధ్య ముడి ఎంత గట్టిదో 2017 జూలైలో సౌదీలోని మన సోదరులకు తెలిసివచ్చింది. వెంట ఉన్న భార్యాపిల్లల్లో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలై, ఏటా 100 చొప్పున పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. అది కట్టనిదే ఇఖామా కొనసాగదు. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న వ్యక్తికి నెలకు 1600 రియాళ్లన్న మాట! ఎందరో తమ కుటుంబాలను స్వదేశానికి పంపించి ఒంటరిగా మిగిలిపోయారు. అది కష్టమే. కాని అక్కడ ఎవరూ మనిషి నడవడిని ప్రశ్నించలేదు. కడితే ఉంటావు, కట్టలేకపోతే పోతావు, అంతే.

ఈ తరం పిల్లలు చదువు పేరుతో బ్రిటన్‌కు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోతున్నారు. తండ్రి గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము ఆ ఫీజుల్లో కరిగిపోతోంది. అక్కడ పన్ను కాగితం మనిషి నడవడికి సాక్షిగా నిలబడుతుంది. బ్రిటన్‌లో 1981 నాటి జాతీయతా చట్టం ప్రకారం పౌరసత్వం కోరే విదేశీయుడు సత్ప్రవర్తన కలవాడై ఉండాలి. అమెరికాలో మామూలుగా దరఖాస్తుకు ముందటి ఐదేళ్ల ప్రవర్తనను పరిశీలిస్తారు. అక్కడి పౌరసత్వ దరఖాస్తులో బాకీ పన్ను ఏమైనా ఉందా అనే ప్రశ్న ఉంది. గ్రీన్ కార్డు వచ్చిన తర్వాత ఎప్పుడైనా 'నేను ఈ దేశ నివాసిని కాను' అని పన్ను రిటర్నులో రాశావా అనే ప్రశ్న కూడా ఉంది. ఈ రెండో ప్రశ్నను పాఠకులు కాస్త ఆగి గమనించాలి. వలస కార్యాలయం ముందు 'నేను ఇక్కడే ఉంటాను' అంటూ, పన్ను కార్యాలయం ముందు 'నేను ఇక్కడివాణ్ణి కాను' అనే మనిషిని పట్టుకోవడానికే దాన్ని పెట్టారు. పన్ను తగ్గుతుందని ఆ ఒక్క గడి నింపిన వాడు, తన నివాస హక్కును తానే వదులుకున్నట్లు రాసిచ్చాడని అధికారులు భావించే ప్రమాదం ఉంది. ఇది గ్రీన్ కార్డు దాకా వచ్చిన మనవారిలో చాలామందికి తెలియదు.

శిక్ష ఎంతవరకు పోగలదో 2012 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపింది. 1984 నుంచి ఆ దేశంలో శాశ్వత నివాసులుగా ఉన్న జపాను దంపతుల కేసది. అబద్ధపు పన్ను రిటర్ను దాఖలు చేసిన నేరం మోసపూరిత నేరమేననీ, దాని వల్ల ప్రభుత్వానికి 10,000 డాలర్లకు మించి నష్టం కలిగితే శాశ్వత నివాసిని కూడా దేశం నుంచి పంపించివేయవచ్చుననీ కోర్టు తేల్చింది.

మన ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ బ్రిటన్‌ది. అక్కడ 2008లో 'టైర్ 1 జనరల్' అనే వీసా మొదలైంది. డాక్టర్లు, ఇంజనీర్లు, కంప్యూటర్ నిపుణులు వంటి వారికి ఉద్దేశించినది. అందులో మార్కులుంటాయి, సంపాదన ఎక్కువైతే మార్కులు ఎక్కువ. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నైజీరియా దేశాల వారు ఎందరో దాని మీద వెళ్లారు. 2011 ఏప్రిల్‌లో కొత్తవారికి తలుపు మూసినా, అప్పటికే వెళ్లినవారు గడువు పొడిగించుకుంటూ శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే దశకు వచ్చారు. అప్పుడు హోం శాఖ వారు వీసా దరఖాస్తులోని సంపాదననూ, అదే సంవత్సరానికి పన్ను శాఖకు చూపిన సంపాదననూ పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టారు. వీసా కోసం 38 వేల పౌండ్లు అని రాసినవాడు పన్ను కోసం 14 వేలే రాశాడనుకుందాం. అధికారి అడిగేది ఒక్కటే: "నువ్వు వారికి అబద్ధం చెప్పావా, మాకు చెప్పావా?" కొందరు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే ముందు పాత రిటర్నులు సవరించి, తక్కువైన పన్ను కట్టారు. అది కూడా వారికి వ్యతిరేకమైన సాక్ష్యంగానే మారింది. ప్రవర్తన సరిగా లేనివారిని, దేశ భద్రతకు ప్రమాదకరమైన వారిని నిరాకరించడానికి ఉన్న 322(5) అనే నిబంధన కింద దరఖాస్తులు తిరస్కరించారు. పదేళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషికి ఒక్క ఉత్తరంతో పనిచేసే హక్కు పోయింది, ఇల్లు అద్దెకు దొరకడం కష్టమైంది, అక్కడే పుట్టిన పిల్లల చదువు ప్రశ్నార్థకమైంది. ఇక్కడ ఊళ్లో తల్లిదండ్రులకు "వీసా పని నడుస్తోంది" అని చెప్పి దాటవేశారు.

ఈ వ్యవహారాన్ని మన ధర్మం ఎలా చూస్తుంది? దివ్య ఖుర్‌ఆన్‌లో 83వ సూరాకు ముతఫ్ఫిఫీన్ అని పేరు. కొలతల్లో మోసం చేసేవారని అర్థం. అందులో నిందించబడిన వారు ఎవరంటే, తాము తీసుకోవలసి వచ్చినప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇవ్వవలసి వచ్చినప్పుడు తగ్గించి కొలిచేవారు. సామాన్యంగా మనం దీన్ని కిరాణా కొట్టు త్రాసుకు పరిమితం చేస్తాము. కాని వీసా అనే ప్రయోజనం పొందేటప్పుడు సంపాదనను నిండుగా చూపి, పన్ను అనే హక్కు చెల్లించేటప్పుడు అదే సంపాదనను తగ్గించడం అచ్చంగా ఈ పనే కదా! మా ప్రాంతపు వారికి వేరే ఉదాహరణ అక్కరలేదు. బొగ్గు లారీని ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి తూస్తారు. రెండుసార్లూ కాటా ఒక్కటే కావాలి. నింపేటప్పుడు ఒక కాటా, దింపేటప్పుడు మరో కాటా పెట్టుకుంటానంటే ఏ డ్రైవరైనా నవ్వుతాడు.

ఈ అలవాటు విమానం ఎక్కాక పుట్టలేదు. ఇక్కడే మన ఇళ్లలోనే పుడుతోంది. ఈ మాట కొందరికి కటువుగా ఉండవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థుల కోసం విదేశీ విద్యకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ప్రవేశపెట్టింది. తర్వాత ఆ సాయం 20 లక్షల రూపాయల వరకు పెరిగింది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు మించరాదన్నది నియమం. చాలా మంచి పథకం. దానితో నిజమైన పేదింటి పిల్లలు ఎందరో చదువుకున్నారు. కాని వ్యాపారంలోనో కాంట్రాక్టుల్లోనో అంతకన్నా ఎక్కువ సంపాదించే కొందరు తండ్రులు తహసీల్దారు దగ్గర ఆదాయం తక్కువ రాయించుకుంటారు. అదే నెలలో వీసా కోసం ఎక్కువ ఆదాయం చూపే రిటర్నులు తయారు చేయిస్తారు. నాలుగు వారాలకు ఎవరో కమీషన్ మీద బ్యాంకు ఖాతాలో డబ్బు వేసి నిలబెడతారు. కన్సల్టెన్సీ వాళ్లు "అందరూ చేసేదే అంకుల్" అంటారు. పిల్లవాడు ఇదంతా పక్కన నిలబడి చూస్తాడు. రేపు పరాయి దేశంలో రిటర్ను ముందు కూర్చున్నప్పుడు వాడికి గుర్తొచ్చేది మదరసాలో నేర్చిన పాఠమా, తండ్రి సంతకం చేసిన ఆ రెండు కాగితాలా?

అసలు ఆ ప్రభుత్వాలకు పన్ను కట్టడమే ధర్మరీత్యా తప్పనిసరి కాదని వాదించే సోదరులు కొందరున్నారు. "వాళ్లది ముస్లిం ప్రభుత్వం కాదు, ఆ పన్నులతో యుద్ధాలు చేస్తారు, మేము జకాత్ ఇస్తున్నాం చాలు" అంటారు. ఇది తేలికగా తీసేయదగిన మాట కాదు, కనుక కాస్త వివరంగా చూద్దాం. మన మదరసాల్లో బోధించే హిదాయా గ్రంథంలో 'ముస్తామిన్' గురించి ఒక అధ్యాయమే ఉంది. అమాన్, అంటే రక్షణ హామీ, పొంది పరదేశంలో ప్రవేశించిన వాడు ముస్తామిన్. అలా ప్రవేశించిన ముస్లిం వ్యాపారి అక్కడివారి ధనప్రాణాల జోలికి పోరాదనీ, అమాన్ కోరడం ద్వారానే ద్రోహం చేయనని మాట ఇచ్చినట్లయిందనీ అందులోని నిర్ణయం. గమనించండి, ఇది ముస్లిమేతర రాజ్యాన్ని గురించిన చర్చే. నేటి వీసా ఆనాటి అమాన్ లాంటిదే. పైగా నేటి వీసా దరఖాస్తులో మనం నిబంధనలు పాటిస్తామని మాటతో ఊరుకోక సంతకం కూడా చేస్తాము. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే మాయిదా సూరా మొదలవుతుంది. అందులో ఎదుటివాడి మతాన్ని బట్టి మినహాయింపు లేదు.

హజ్రత్ హుజైఫా (రజి) ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. ఆయననూ, ఆయన తండ్రినీ దారిలో ఖురైషులు పట్టుకుని, ముహమ్మద్ (స) పక్షాన పోరాడబోమని మాట తీసుకుని వదిలారు. బద్ర్ యుద్ధం ముంచుకొస్తోంది. ఒక్కొక్క మనిషీ అవసరమైన సమయం. అయినా దైవప్రవక్త (స) వారిని వెనక్కు పంపి, ఆ శత్రువులకిచ్చిన మాట నిలబెట్టుకోమన్నారు. బలవంతంగా తీసుకున్న మాటకే అంత విలువ ఉంటే, మనం క్యూలో నిలబడి, రుసుము కట్టి, బతిమాలి ఇచ్చిన మాటకు ఎంత విలువ ఉండాలి? ఇక హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) ఇస్లాం స్వీకరించకముందు తన తోటి ప్రయాణికులను వంచించి వారి సొమ్ముతో వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) ఆయన ఇస్లాంను అంగీకరించారు గాని ఆ సొమ్ముతో తమకు సంబంధం లేదన్నారు. ఆ ప్రయాణికులు ముస్లింలు కారు.

పన్ను అన్యాయమైనదైతే? ఈ ప్రశ్న మన ధర్మశాస్త్రవేత్తలు వేసుకున్నదే. హనఫీ ఫుఖహా 'నవాయిబ్' అనే పేరుతో జకాత్ కాని పన్నుల గురించి చర్చించారు. ఉమ్మడి కాలువ తవ్వకం, కాపలాదారు జీతం, సైన్యం ఏర్పాటు, బందీల విడుదల వంటి ఉమ్మడి అవసరాల కోసం వేసినవి న్యాయమైనవనీ, పాలకులు జులుంతో వేసినవి వేరనీ విడదీశారు. విదేశంలో మనవాడు నడిచే రోడ్డు, పిల్లవాడి ఉచిత బడి, భార్య ప్రసవమైన ఆసుపత్రి ఆ ఉమ్మడి అవసరాల్లోనివే. ఆ పన్నులో కొంత భాగం అన్యాయానికి ఖర్చవుతుందని మనసు ఒప్పకపోతే ఆ దేశంలో ఉండకుండా తిరిగి రావచ్చు, లేదా ఉండి గళమెత్తవచ్చు. ఉండి, అన్నీ వాడుకుని, అంకె మార్చడం ఆ అన్యాయానికి జవాబు కాదు. ఆ యుద్ధం గుర్తొచ్చేది రిటర్ను నింపే రోజు మాత్రమే అయితే, ఆ ఆవేదన ఎంత నిజమైనదో వారే ఆలోచించుకోవాలి. జకాత్ విషయం మరీ స్పష్టం. అది ఆరాధన. పన్ను కట్టినంత మాత్రాన జకాత్ తీరదు, జకాత్ ఇచ్చినంత మాత్రాన పన్ను తీరదు.

ఇంతవరకు తప్పు చేసిన వారి మాట. ఇక తప్పు చేయకుండానే నలిగిన వారి మాట కూడా చెప్పకపోతే మేమే తూకంలో తగ్గించిన వారమవుతాము. అంకెల్లో తేడా ఉన్నంత మాత్రాన మనిషి అబద్ధాలకోరా? వీసా వారు అడిగే సంవత్సరం ఒక నెలలో మొదలవుతుంది, పన్ను సంవత్సరం మరో నెలలో. ఖర్చులు తీసివేసే పద్ధతి వేరు. అకౌంటెంటు పొరపాటు చేయవచ్చు. రోగంతో, ఇంట్లో చావుతో మనిషి ఆ ఏడు కాగితాలు చూసుకోలేకపోవచ్చు. బ్రిటన్‌లో 2018లో బాధితులు పార్లమెంటు ముందు నిలబడి మొరపెట్టుకున్నది ఇదే. ఆ ఏడు మే నెలలో హోం మంత్రి సాజిద్ జావిద్ ఈ తిరస్కరణలను నిలిపి సమీక్షకు ఆదేశించారు. 2019 ఏప్రిల్‌లో అక్కడి అప్పీలు కోర్టు నలుగురి కేసుల్ని కలిపి విచారించి, హోం శాఖ అనుసరించిన పద్ధతి చట్టరీత్యా లోపభూయిష్టమని చెప్పింది. తేడా కనబడగానే మోసమని తేల్చేయరాదు, అజాగ్రత్త వేరు, అబద్ధం వేరు, నిర్ణయానికి ముందు ఆ మనిషికి తన అనుమానం చెప్పి సంజాయిషీ అడగాలి అన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ న్యాయమూర్తులు మన గ్రంథాలు చదివి చెప్పి ఉండరు. అయినా హుజురాత్ సూరాలో వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోమన్న ఆదేశం ఎరిగిన వారికి ఈ మాట పరాయిదిగా తోచదు. ఖతా, అంటే పొరపాటు, ఒకటి. ఖియానత్ ఒకటి. రెంటికీ ఒకే శిక్ష వేసే వాడు న్యాయం చేసినట్లు కాదు, అతడు లండన్ అధికారి అయినా, మన లక్ష్మీనగర్ అరుగు మీద కూర్చుని "టాక్సు ఎగ్గొట్టి దొరికిపోయి వచ్చాడట" అనే పెద్దమనిషి అయినా. తిరిగి వచ్చిన కుర్రవాడికి సంబంధాలు రాకుండా పోయేది ఈ అరుగు మీది తీర్పు వల్లనే. దాని మీద అప్పీలు కోర్టు కూడా లేదు.

అకౌంటెంటు మీదికి నెట్టే వారికి మాత్రం ఒక మాట. వకీల్ చేసిన పని, నియమించిన వాడికే చెందుతుందన్నది వకాలత్‌లో మూల సూత్రం. తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా ఉండటానికే కమీషన్ ఇవ్వడం వేరు. మన దేశంలోనే 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ, ఉద్యోగుల పేరిట లేని మినహాయింపులు చూపి రిఫండ్లు ఇప్పించే మధ్యవర్తుల మీద అనేక రాష్ట్రాల్లో సోదాలు జరిపింది. నోటీసు అందుకునేది మధ్యవర్తి కాదు, రిటర్ను ఎవరి పేరున ఉందో వారే.

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఒకడు నిజంగానే అయిదారేళ్ల క్రితం తక్కువ రాశాడు. ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాడు. సవరిస్తే ఆ సవరణే సాక్ష్యమై పౌరసత్వం పోవచ్చు. సవరించకపోతే బహుశా ఎవరికీ తెలియదు. ఏం చేయాలి? తౌబాలో దాసుల హక్కు ఉన్నచోట ఆ హక్కు తిరిగి ఇవ్వనిదే తౌబా పూర్తి కాదని ఉలమా అందరికీ తెలిసిందే. కనుక బాకీ తీర్చడంలో 'నాకు నష్టం వస్తుంది' అనే సాకు చెల్లదు. కాని సమయానికి చాలా విలువ ఉంది. దారిదోపిడీదారుల గురించి మాయిదా సూరాలో శిక్ష చెప్పిన వెంటనే, పట్టుబడక ముందే పశ్చాత్తాపపడిన వారికి మినహాయింపు ఉంది. దరఖాస్తుకు నెల ముందు చేసే సవరణ పౌరసత్వానికి కట్టే రుసుములా కనిపిస్తుంది. ఏ దరఖాస్తూ లేని రోజున, ఎవరూ అడగని రోజున చేసినదైతే ఏ అధికారి అయినా దాన్ని వేరుగా చూడక తప్పదు. అమెరికా వలస శాఖ 2025 ఆగస్టులో తన అధికారులకిచ్చిన సూచనల్లో, బాకీ పన్ను పూర్తిగా చెల్లించడాన్ని మనిషి మారాడనడానికి ఒక నిదర్శనంగా పరిగణించమని చెప్పింది. అయితే సవరణ కాగితం పంపే ముందు పన్ను చట్టం, వలస చట్టం రెండూ తెలిసిన న్యాయవాదిని అడగండి. అది భయపడటం కాదు, బాధ్యతే.

ఇక్కడి తండ్రులు మరో ప్రశ్న కూడా అడిగారు. ఆదాయం తక్కువ చూపి తీసుకున్న స్కాలర్‌షిప్పు సొమ్మును మసీదుకో, మదరసాకో సదఖా చేస్తే సరిపోతుందా? సరిపోదు. సొమ్ము యజమాని తెలియనప్పుడు మాట అది. ఈ సొమ్ము ఎవరిదో స్పష్టంగా తెలుసు. ప్రభుత్వ ఖజానాది. అర్హత ఉండి జాబితాలో చోటు దొరకని మరో పిల్లవాడికి చేరవలసినది. దాన్ని మైనారిటీ సంక్షేమ శాఖ ఖాతాకే తిరిగి చేర్చే మార్గం చూసుకోవాలి. ఒక్కసారిగా ఇవ్వలేనివారు వాయిదాల్లో ఇవ్వాలి. కొడుకు తెలియక వాడుకున్నాడు గనుక ఆ అప్పు తండ్రిదే. తీరకముందే ఆయన మరణిస్తే, వారసులు ఇల్లూ స్థలమూ పంచుకోవడానికి ముందు తీర్చవలసిన బాకీల్లో ఇది కూడా చేరుతుంది.